పదిహేను రోజులకూ ఆరు నెలలకూ నడుమ

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో అర్పా నది ఒడ్డున వెలసిన బిలాస్‌పూర్‌కు బిలాసా అనే బెస్త వనిత పేరు మీదుగా ఆ పేరు వచ్చినదని జనశ్రుతి. ఆ ఊరిని నగరంగా మార్చినది మాత్రం రైలుమార్గమే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ నాగపూర్ నుంచి ఆసన్‌సోల్ వరకు వేసిన మార్గం 1891లో పూర్తయినది. ఆ మార్గంలో బిలాస్‌పూర్ ఒక ముఖ్య కూడలిగా ఎదిగినది. అదే కంపెనీ తూర్పు తీరంలోనూ పట్టాలు పరచినది. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తి కావడంతో ఛత్తీస్‌గఢ్ మైదానానికి, ఉత్తరాంధ్రకు రాకపోకలు సుగమమైనాయి. పని వెదుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి బయలుదేరిన తెలుగు కుటుంబాలు బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో స్థిరపడినాయి. బెంగాలీలు, ఒడియావారు, మరాఠీలు, ఛత్తీస్‌గఢీ గ్రామీణులు వారికి ఇరుగుపొరుగు అయినారు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూర్ ప్రధాన కేంద్రమైనది. కోర్బా పరిసరాల బొగ్గు దేశం నలుమూలలకు తరలిపోయేది ఈ రైల్వే మీదుగానే.

ఇట్టి శ్రామిక నగరం ఎంత సంపన్నమైనదో తెలుసుకోవడానికి అది మోసే సరకును లెక్కిస్తే చాలు. అది ఎంత న్యాయమైనదో తెలుసుకోవాలంటే మాత్రం, పనిచేస్తూ పనిచేస్తూ కుప్పకూలిన మనిషిని అది ఎంతకాలం ఆదుకుంటుందో చూడవలసి ఉన్నది. పక్షవాతం, తలకు తగిలిన తీవ్రమైన గాయం ఈ ప్రశ్నను సూటిగా మన ముందు నిలుపుతాయి. ఈ రెండింటిలోనూ ప్రాణం నిలబడిన తర్వాతనే అసలు కథ మొదలవుతుంది.

మెదడుకు దెబ్బ తగిలినప్పుడు

తెలుగువారు పక్షవాతమనీ, హిందీ ప్రాంతంలో లక్వా అనీ పిలిచే వ్యాధి కాలుకో చేతికో వచ్చిన జబ్బు కాదు. అది మెదడులోని రక్తనాళానికి వచ్చిన ఆపద. నాళంలో రక్తపు గడ్డ అడ్డుపడడం ఒక రకం, నాళం చిట్లి రక్తం బయటకు పొరలడం మరొక రకం. రెండింటిలోనూ ప్రాణవాయువు అందక మెదడు కణాలు నిమిషనిమిషానికి నశిస్తాయి. మూతి ఒక పక్కకు వంకర పోవడం, ఒక చేయి పైకెత్తితే వాలిపోవడం, మాట ముద్ద కావడం దీని ముఖ్య లక్షణాలు. రక్తపు గడ్డ అడ్డుపడిన రకంలో, లక్షణాలు కనిపించిన నాలుగున్నర గంటల లోపు గడ్డను కరిగించే మందు ఇస్తే చాలామందిలో నష్టాన్ని తగ్గించవచ్చు. అయితే, చిట్లిన నాళానికి ఆ మందు ప్రమాదకరం. అందువల్ల ముందుగా మెదడుకు సీటీ స్కాన్ తీయక తప్పదు. స్కాన్ యంత్రం గల ఆసుపత్రికి ఎంత త్వరగా చేరగలిగినారన్నదే ఇక్కడ నిర్ణాయకమైన విషయం.

తలగాయం సంగతి వేరు. మన దేశంలో 2022 సంవత్సరంలో జరిగిన రోడ్డు ప్రమాదాలు 4,61,312 అనీ, వాటిలో 1,68,491 మంది మరణించగా 4,43,366 మంది గాయపడినారనీ కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ ప్రకటించినది. గాయపడినవారిలో తలకు దెబ్బ తగిలినవారి బాధ విలక్షణమైనది. వారిలో కొందరు నడవగలరు, మాట్లాడగలరు. చూసేవారికి లోపమేమీ కనిపించదు. కాని నిన్నటి మాట నేడు గుర్తుండదు, పని మీద ధ్యాస నిలువదు, లేనిపోని కోపం వస్తుంది. "మనిషి దక్కినాడు కాని మునుపటి మనిషి కాడు" అని కుటుంబం బాధపడుతుంది. కంటికి కనిపించని ఈ లోపానికి కట్టు కట్టే చోటు లేదు, పరిహారం కోరడానికి తగిన పేరు కూడా సులభంగా దొరకదు.

అయినా మెదడుకు ఒక అద్భుతమైన శక్తి కలదు. నశించిన భాగం చేసే పనిని మిగిలిన భాగాలు కొంతమేరకు నేర్చుకొనగలవు. పదేపదే చేయించే అభ్యాసం ఈ నేర్పుకు ఆధారం. ఫిజియోథెరపీ కాలిని నడిపిస్తుంది. వృత్తి చికిత్స అన్నం కలుపుకోవడం, చొక్కా గుండీ పెట్టుకోవడం తిరిగి నేర్పుతుంది. వాక్ చికిత్స మాటను మరల పలికిస్తుంది. పక్షవాతం తర్వాత కాలుచేతుల కదలికలో కలిగే మెరుగుదలలో అధిక భాగం మొదటి మూడు నెలలలోనే కనిపిస్తుంది. ఆపై ఆరు నెలల వరకు వేగం తగ్గుతూ సాగుతుంది. మాట మెరుగుపడడానికి మరింత కాలం పట్టవచ్చు. విత్తనానికి అదను ఎట్టిదో, మెదడుకు ఈ తొలి నెలలు అట్టివి.

తొలి దినాలకు నిధులు

ప్రాణాపాయ సమయంలో ప్రభుత్వ ధనం ఇదివరకెన్నడూ లేనంతగా నేడు ప్రజలకు అందుబాటులో ఉన్నది. 2010లో కేంద్రం ప్రారంభించిన జాతీయ కార్యక్రమం కేన్సరు, మధుమేహం, హృద్రోగాలతోపాటు పక్షవాతాన్ని కూడా తన పేరులోనే చేర్చుకున్నది. అసంక్రామిక వ్యాధుల నివారణ కార్యక్రమంగా 2023లో దాని పేరు మారినది. 30 సంవత్సరాలు పైబడినవారందరికీ రక్తపోటు, మధుమేహం పరీక్షలు చేయడం దీని ప్రధాన లక్ష్యం. అధిక రక్తపోటును అదుపులో ఉంచడమే పక్షవాతాన్ని అరికట్టడానికి ముఖ్య సాధనం కనుక ఇది సరియైన ఆరంభమే. దీని వ్యయంలో కేంద్రం 60 శాతం, ఛత్తీస్‌గఢ్ వంటి రాష్ట్రాలు 40 శాతం భరిస్తాయి.

2018 సెప్టెంబరు 23న ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన, అర్హత గల కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్సను ఉచితంగా సమకూరుస్తున్నది. 2024 అక్టోబరులో 70 సంవత్సరాలు నిండిన వృద్ధులందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా దీనిని విస్తరించినారు. పక్షవాతం ఎక్కువగా సోకే వయసు అదే. రోడ్డు ప్రమాద బాధితుల కొరకు 2025 మే నెలలో ప్రకటించిన నగదు రహిత చికిత్సా పథకం, ఒక్కొక్కరికి ఏడు దినాల వరకు, 1.5 లక్షల రూపాయల పరిమితితో చికిత్సకు హామీ ఇస్తున్నది.

బిలాస్‌పూర్‌లో చికిత్సా వసతులు కూడా పెరిగినాయి. రాష్ట్రం ఏర్పడిన మరుసటి సంవత్సరం, 2001లో, ఛత్తీస్‌గఢ్ ఆయుర్విజ్ఞాన సంస్థ పేరిట ప్రభుత్వ వైద్య కళాశాల ఇక్కడ వెలసినది. రైల్వే ఉద్యోగులకు కేంద్ర ఆసుపత్రి ఉన్నది. సుమారు 110 కిలోమీటర్ల దూరంలోని రాయపూర్‌లో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ 2012 నుంచి పనిచేస్తున్నది. బిలాస్‌పూర్ సమీపంలోని గనియారి గ్రామంలో జన స్వాస్థ్య సహయోగ్ అనే వైద్యుల సంస్థ అడవి అంచు గ్రామాల పేదలకు రెండు దశాబ్దాలకు పైగా చౌకగా వైద్యం అందిస్తున్నది.

తెరచుకోని తలుపు

తొలి దినాలు గడచిన తర్వాత పరిస్థితి ఏమిటి? జన ఆరోగ్య యోజన నిబంధనల ప్రకారం, ఆసుపత్రిలో చేరడానికి ముందు 3 రోజుల ఖర్చు, విడుదలైన తర్వాత 15 రోజుల మందులు, పరీక్షల ఖర్చు మాత్రమే పథకంలో చేరి ఉంటాయి. ఇంటి నుంచి వచ్చి పోతూ పొందే చికిత్స ఈ పథకం పరిధిలోకి రాదు. మూడు నెలలపాటు వారానికి మూడు సార్లో నాలుగు సార్లో జరుగవలసిన ఫిజియోథెరపీ సరిగ్గా ఆ కోవకు చెందినదే. పదహారవ రోజు నుంచి ఆ ఖర్చు కుటుంబానిది.

ఇక రెండవ తలుపు వైకల్యానికి సంబంధించినది. 2016లో పార్లమెంటు ఆమోదించగా 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చిన వైకల్యం గల వ్యక్తుల హక్కుల చట్టం, 1995 నాటి చట్టంలో ఏడుగా ఉన్న వైకల్యాలను 21కి పెంచినది. ఆ జాబితాలో పక్షవాతమనే పేరు గాని, తలగాయమనే పేరు గాని లేదు. అయినంత మాత్రాన బాధితులకు హక్కు లేదని కాదు. చట్టం వ్యాధిని కాక దాని ఫలితాన్ని చూస్తుంది. కాలుచేతులు స్వాధీనం తప్పితే అది చలన వైకల్యం. మెదడు దెబ్బ వలన మాట శాశ్వతంగా పోతే అది వాక్ భాషా వైకల్యం. ఈ రెండవ దానిని నిర్వచిస్తూ చట్టం అఫేసియాను, అనగా మెదడు దెబ్బ వలన కలిగే భాషానష్టాన్ని, పేరు పెట్టి పేర్కొన్నది. జ్ఞాపకం, నిగ్రహం దెబ్బతిని కాలుచేతులు బాగున్న తలగాయ బాధితుడు మాత్రం ఈ జాబితాలో తన చోటు వెదుక్కోవలసిన వాడే.

వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉన్నట్లు ధ్రువపత్రం లభిస్తే ఉద్యోగ రిజర్వేషన్ వంటి ముఖ్య సదుపాయాలకు అర్హత కలుగుతుంది. కాని నరాల జబ్బుల విషయంలో వైకల్య నిర్ధారణ సాధారణంగా వ్యాధి సోకిన ఆరు నెలల తర్వాతనే జరుగుతుంది. మెరుగుపడే అవకాశం ఉండగా శాశ్వత లోపమని వ్రాయడం వైద్యధర్మం కాదు కనుక ఈ నియమంలో తర్కం లేకపోలేదు. ఫలితం మాత్రం విచిత్రంగా ఉన్నది. ఆసుపత్రి పథకం పదిహేనవ రోజున తలుపు మూస్తుంది. వైకల్య పథకం ఆరవ నెలలో తలుపు తెరుస్తుంది. మెదడు త్వరత్వరగా కోలుకునే అదను ఈ రెండు తలుపుల నడుమనే గడచిపోతున్నది. ఏ శాఖా తప్పు చేయలేదు, ప్రతి శాఖా తన నియమాన్ని పాటించినది. అయినా నడుమ మనిషి మిగిలిపోయినాడు.

రెండవ తలుపు తెరచుకున్న తర్వాత లభించేది కూడా స్వల్పమే. ఇందిరా గాంధీ జాతీయ వికలాంగుల పింఛను పథకం కింద కేంద్రం చెల్లించే వాటా నెలకు 300 రూపాయలు. ఇది 2012లో నిర్ణయించిన మొత్తం. అదైనా దారిద్ర్యరేఖ దిగువన ఉండి, 80 శాతం వైకల్యం గలవారికే వర్తిస్తుంది. చక్రాల కుర్చీ, చేతికర్ర వంటి సాధనాల కొరకు 1981 నుంచి కేంద్రం ఆర్థిక సహాయ పథకం నడుపుతున్నది. 1972లో కాన్పూరులో స్థాపితమైన కృత్రిమ అవయవాల సంస్థ ఆ సాధనాలను తయారు చేస్తున్నది. సాధనం వస్తువు కనుక లెక్కకు అందుతుంది, పంపిణీకి వీలవుతుంది. చికిత్సకుని గంట కంటికి కనిపించని సేవ కనుక అది బడ్జెట్టులో ఇమడడం కష్టమవుతున్నది.

పట్టాలకు ఇటు, అటు

ఈ నడుమకాలాన్ని దాటించే వంతెన అసాధ్యమైనదేమీ కాదు. బిలాస్‌పూర్‌లోనే, రైల్వే కాలనీలో, అట్టి వంతెన ఒకటి ఏనాటి నుంచో నిలిచి ఉన్నది. ఉదాహరణకు, ఇద్దరు తెలుగు అన్నదమ్ములను ఊహించుకొనవచ్చును. పెద్దవాడు లోకో పైలట్, చిన్నవాడు స్టేషను బయట తోపుడుబండి మీద పండ్లు అమ్ముకునేవాడు. ఇద్దరికీ ఒకే వయసులో పక్షవాతం సోకినదని అనుకొందాం.

పెద్దవానికి రైల్వే ఆసుపత్రిలో చికిత్స జరుగుతుంది. పదిహేను రోజుల గడువు అతనికి లేదు. చికిత్స కొనసాగినంత కాలం ఆసుపత్రి తలుపు తెరచియే ఉంటుంది. సెలవు నిబంధనలు జీతాన్ని కొంతకాలం కాపాడతాయి. రైలు నడపడానికి అత్యున్నత శారీరక ప్రమాణం అవసరం కనుక అతడు తిరిగి ఇంజను ఎక్కలేకపోవచ్చును. అప్పుడు 2016 చట్టంలోని 20వ విభాగం అతనికి అండగా నిలుస్తుంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం పొందిన వ్యక్తిని ప్రభుత్వ సంస్థ తొలగించరాదు, హోదా తగ్గించరాదు. ఆ పనికి తగకపోతే అదే వేతన శ్రేణిలో వేరొక పని ఇవ్వాలి. అట్టి ఖాళీ లేకపోతే అది దొరికే వరకు గాని, పదవీ విరమణ వరకు గాని ప్రత్యేకంగా ఒక అదనపు స్థానం సృష్టించి అందులో ఉంచాలి. 1995 చట్టంలోని 47వ విభాగం కూడా ఇదే రక్షణ కల్పించినది. 2003లో కునాల్ సింగ్ కేసులో సర్వోన్నత న్యాయస్థానం ఈ రక్షణను గట్టిగా సమర్థించినది. విరమణ తర్వాత కూడా, నిర్ణీత రుసుము చెల్లించి చేరిన రైల్వే పింఛనుదారులకు, వారి జీవిత భాగస్వాములకు ఆసుపత్రి సౌకర్యం కొనసాగుతుంది.

చిన్నవానికి ఆయుష్మాన్ కార్డు ఉంటే మొదటి గండం గడుస్తుంది. ఆ తర్వాత అతనికి జీతమూ లేదు, సెలవూ లేదు. బండి కదలని రోజున ఇంట్లో పొయ్యి వెలగదు. భార్య అతనికి తోడుగా ఉండిపోతే రెండవ సంపాదన కూడా పోతుంది. చికిత్సకు వెళ్లాలంటే ఆటో కిరాయి, తోడు వచ్చేవారి ఒకరోజు కూలి కూడా నష్టమే. అందుకే చాలామంది నాలుగైదు పర్యాయాలు వెళ్లి మానివేస్తారు. ఇందులో శ్రద్ధ లోపించినదని వారిని తప్పు పట్టడం అన్యాయం.

ఈ ఇద్దరి నడుమ మూడవవాడు కూడా కలడు. అతడు కాంట్రాక్టరు కింద నెలకు 21,000 రూపాయలకు మించని జీతంతో పనిచేసే కార్మికుడు. అతని పేరు ఉద్యోగుల రాజ్యబీమాలో నమోదై ఉంటే, అస్వస్థతా భృతి 91 రోజుల వరకు 70 శాతం వేతనం చొప్పున లభిస్తుంది. శరీరంలో ఒక పక్క పడిపోవడం దీర్ఘవ్యాధుల జాబితాలో ఉన్నది కనుక, రెండు సంవత్సరాల నిరంతర ఉద్యోగం వంటి షరతులు పూర్తయినవారికి 80 శాతం వేతనం చొప్పున గరిష్ఠంగా రెండేళ్ల వరకు ఈ భృతిని పొడిగించే వీలున్నది. పక్షవాతం కుటుంబాన్ని కూల్చకుండా నిలుపగల ఏర్పాటు ఇది. తన పేరు నమోదైనదో లేదో కార్మికుడు ముందుగానే తెలుసుకొని ఉండడం ఎంతో అవసరం.

పోయిన మాట, మిగిలిన భాష

బహుభాషా నగరమైన బిలాస్‌పూర్‌లో ఈ సమస్యకు మరొక కోణం ఉన్నది. రైల్వే కాలనీ తెలుగువాడు ఇంట్లో ఉత్తరాంధ్ర యాస తెలుగు, యార్డులో హిందీ, సంతలో ఛత్తీస్‌గఢీ మాట్లాడతాడు. మెదడు ఎడమభాగం దెబ్బతిన్నప్పుడు ఈ భాషలన్నీ ఒకే తీరున పోవు, ఒకే తీరున తిరిగి రావు. కొందరికి చిన్ననాటి భాష ముందు వస్తుంది, కొందరికి నిత్యం వాడిన భాష ముందు వస్తుంది. హిందీలో అడిగిన ప్రశ్నకు బదులు చెప్పలేని రోగి, భార్య తెలుగులో అడిగితే తల ఊపవచ్చు. పరీక్షించే వ్యక్తికి ఆ భాష తెలియకపోతే, మిగిలిన శక్తిని కూడా పోయినట్లే లెక్కవేసే ప్రమాదం ఉన్నది.

హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు పక్షవాతం సోకిన 608 మందిని పరిశీలించి 2016లో వెలువరించిన ఫలితాలు ఈ సందర్భంలో గమనింపదగినవి. రెండు లేక అంతకు మించి భాషలు వచ్చినవారిలో 40.5 శాతం మందికి ఆలోచనాశక్తి సక్రమంగా నిలిచినది. ఒకే భాష వచ్చినవారిలో ఆ సంఖ్య 19.6 శాతం. కాని భాషానష్టం మాత్రం రెండు వర్గాలలోనూ దాదాపు సమానంగానే కనిపించినది. అనగా బహుభాషా పరిచయం బుద్ధికి కొంత కవచమైనది, మాటకు మాత్రం కవచం కాలేకపోయినది. కనుక పలు భాషలు మాట్లాడే నగరంలో వాక్ చికిత్స అవసరం ఏమాత్రం తగ్గదు. ఆ చికిత్స రోగి భాషలో జరగడమే దానికి ప్రాణం. భారతీయ వైద్య పరిశోధన మండలి రూపొందించిన మానసిక శక్తుల పరీక్షా సాధనం హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళం భాషలలో లభిస్తున్నది. ఇందులో మొదటి మూడు భాషలూ బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో వినిపించేవే.

కుటుంబం ఒక్కటే చాలునా

చికిత్సకులు కొరతగా ఉన్నప్పుడు కుటుంబానికే శిక్షణ ఇచ్చి పని జరిపించరాదా అన్న ఆలోచన సహజమైనది. మన దేశంలో కుటుంబ బంధాలు గట్టివి కనుక ఇది చౌకైన పరిష్కారంగా కూడా తోస్తుంది. ఈ ఆలోచనను శాస్త్రీయంగా పరీక్షించినారు. దేశంలోని 14 ఆసుపత్రులలో 1,250 మంది రోగులతో జరిపిన అధ్యయనం ఫలితాలు 2017లో వెలువడినాయి. సగం కుటుంబాలకు ఇంటి వద్ద అభ్యాసాలు చేయించే శిక్షణ ఇచ్చినారు, మిగిలిన సగానికి మామూలు చికిత్స మాత్రమే కొనసాగినది. ఆరు నెలల తర్వాత చూడగా మరణించినవారు, ఇతరులపై ఆధారపడినవారు కలసి రెండు వర్గాలలోనూ 47 శాతమే.

కుటుంబం వ్యర్థమని దీని అర్థం కాదు. రోగిని కనిపెట్టి ఉండడం, ధైర్యం చెప్పడం, అన్నం తినిపించడం కుటుంబం తప్ప మరెవరు చేయగలరు? శిక్షణ పొందిన చికిత్సకుని స్థానంలో కుటుంబాన్ని నిలబెట్టి ప్రభుత్వ వ్యయాన్ని తప్పించుకోవడం మాత్రం సాధ్యం కాదన్నదే ఈ అధ్యయనం నేర్పిన పాఠం. ఆప్యాయత వేరు, చికిత్స వేరు. రెండూ కావాలి.

ఇతరుల అనుభవం

ఈ దిశలో కొన్ని ప్రభుత్వాలు వేసిన అడుగులు పరిశీలింపదగినవి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జులై నుంచి పక్షవాతంతో మంచానికి లేక చక్రాల కుర్చీకి పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నది. పైన ఊహించిన చిన్నవాడు శ్రీకాకుళంలోనే ఉండిపోయి, ఆ స్థితికి చేరి ఉంటే, ఈ సహాయానికి అర్హుడై ఉండేవాడు. బిలాస్‌పూర్‌లో కేంద్రపు 300 రూపాయలకు రాష్ట్రం తన వంతు కలిపినప్పటికీ రెండింటికీ పోలికే లేదు. ఒకే దేశపు పౌరులు, ఒకే భాషవారు, ఒకే జబ్బు పడ్డవారు. భేదమల్లా రైలు దిగిన స్టేషనులో ఉన్నది.

కేరళ రాష్ట్రం 2008లో ఉపశమన చికిత్సా విధానాన్ని ప్రకటించి, మంచం పట్టిన రోగుల ఇండ్లకు నర్సు వెళ్లే ఏర్పాటును స్థానిక సంస్థల నిధులతో నడుపుతున్నది. రోగిని కనిపెట్టుకొని ఉండే వ్యక్తికి కూడా అక్కడ ఒక పథకం నెలకు 600 రూపాయలు నిర్ణయించినది. మొత్తం చిన్నదే అయినా, సేవ చేసే మనిషి కూడా సంపాదన కోల్పోయినదన్న సత్యాన్ని ప్రభుత్వం గుర్తించడం పెద్ద విషయం. 2016 చట్టంలోని 24వ విభాగం కూడా అధిక సహాయం అవసరమైన వికలాంగులకు సంరక్షక భృతిని ప్రస్తావించినది.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 1987 నుంచి వాహన నమోదుతో పాటు వసూలు చేసే రుసుముతో ఒక ప్రమాద నిధి నడుస్తున్నది. తప్పు ఎవరిదన్న విచారణతో నిమిత్తం లేకుండా బాధితుని ఆసుపత్రి ఖర్చునే కాక, పునరావాసాన్ని, దీర్ఘకాల సంరక్షణను కూడా అది భరిస్తుంది. 2019లో సవరించిన మన మోటారు వాహనాల చట్టం కూడా వాహన ప్రమాద నిధిని నెలకొల్పినది. ఆ నిధి హామీని ఏడు దినాల నుంచి పునరావాసం వరకు పొడిగించడానికి పునాది ఇప్పటికే సిద్ధంగా ఉన్నదని చెప్పవచ్చును. ప్రపంచ ఆరోగ్య సభ 2023 మే నెలలో చేసిన తీర్మానం, పునరావాసం ఆరోగ్య వ్యవస్థలో అంతర్భాగం కావాలని సభ్యదేశాలను కోరినది.

చేయదగిన పనులు

మొదటిది, ఆసుపత్రి పథకంలోని పదిహేను రోజుల హద్దును పక్షవాతం, తలగాయం విషయంలో సడలించి, కనీసం మూడు నెలల పునరావాస చికిత్సను అందులో చేర్చడం. ఒక కుటుంబానికి ఏడాదికి నిర్ణయించిన 5 లక్షల పరిమితిని పెంచనవసరం లేకుండానే ఇది సాధ్యం కావచ్చును. పెంచవలసినది గడువునే.

రెండవది, శాశ్వత ధ్రువపత్రం కొరకు వేచి ఉండే ఆరు నెలలకు ఒక తాత్కాలిక గుర్తింపును, దానితో పాటు కొద్దిపాటి భృతిని ఏర్పరచడం. రైల్వే ఉద్యోగికి సెలవు జీతం ఏ సూత్రం మీద లభిస్తున్నదో, రాజ్యబీమా కార్మికునికి భృతి ఏ సూత్రం మీద లభిస్తున్నదో, తోపుడుబండివానికి కూడా అదే సూత్రం వర్తించాలి.

మూడవది, చికిత్సను ఇంటికి దగ్గరగా తీసుకొని రావడం. వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం జిల్లా ఆసుపత్రులలో ఫిజియోథెరపీని, సామాజిక ఆరోగ్య కేంద్రాలలో పునరావాస కార్యకర్తను ఉద్దేశించినది. ఆ స్థానాలు నిండి, పరికరాలు పనిచేస్తూ ఉండాలి. ఛత్తీస్‌గఢ్‌కు ఈ విషయంలో ఒక ప్రత్యేక సంపద ఉన్నది. 2002లో అక్కడ ప్రారంభమైన మితానిన్ కార్యక్రమమే తర్వాత దేశవ్యాప్తమైన ఆశా కార్యకర్తల వ్యవస్థకు మార్గదర్శి అయినది. ఛత్తీస్‌గఢీ సంప్రదాయంలో మితానిన్ అంటే జీవితాంతం నిలిచే స్నేహబంధం కట్టుకున్న చెలి. ఊరివాడలోని ఆ చెలికి రక్తపోటు మందు మానివేసినవారిని గుర్తించడం, పక్షవాత లక్షణాలు కనిపించగానే ఆసుపత్రికి పంపడం, తిరిగి వచ్చిన రోగి అభ్యాసం కొనసాగుతున్నదో లేదో చూడడం నేర్పవచ్చును. చికిత్సకుడు చేయవలసిన పని ఆమె నెత్తిన పెట్టకుండా, రోగికి చికిత్సకునికి నడుమ వారధిగా ఆమెను నిలపాలి. ఆమె శ్రమకు తగిన ప్రతిఫలం ముట్టజెప్పాలి.

నాలుగవది, భాష. బిలాస్‌పూర్ వంటి నగరాలలో వాక్ చికిత్సకు ఛత్తీస్‌గఢీ, తెలుగు, ఒడియా, బెంగాలీ భాషలలో బొమ్మల పుస్తకాలు, పదాల పట్టికలు సిద్ధం చేయడం పెద్ద వ్యయంతో కూడిన పని కాదు. ఆయా భాషల సంఘాలు, కళాశాలల విద్యార్థులు ఇందుకు తోడ్పడగలరు.

జాతీయ సమైక్యత అనగానే పలు భాషలవారు ఒకే వేదికపై పాటలు పాడడం గుర్తుకు వస్తుంది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీ ఆ సమైక్యతను నూరేళ్లకు పైగా పనిపాటలలోనే సాధించి చూపినది. పట్టాలకు ఒక వైపున పడిపోయిన మనిషికి దొరికే ఆసరా రెండవ వైపున పడిపోయిన మనిషికి కూడా దొరికినప్పుడు ఆ సమైక్యత మరొక మెట్టు ఎక్కుతుంది. ఆసరా ఎట్లా కల్పించాలో రైల్వేకు తెలుసు, రాజ్యబీమాకు తెలుసు. తెలిసిన పద్ధతిని విస్తరించడమే మిగిలినది. పదిహేనవ రోజు నుంచి ఆరవ నెల వరకు గల ఆ కొద్దికాలాన్ని ప్రభుత్వ ధనం దాటించగలిగితే, ఎందరో మనుషులు మంచం మీది నుంచి లేచి మరల తమ పనికి, తమ మాటకు తిరిగి రాగలరు.